ఒంటరిగా, బస్సులో, స్పితి దాకా

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మా అబ్బాయి ఈ ఏడాదే హాస్టల్‌కు వెళ్లాడు. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ చూడాలని చాలా ఏళ్లుగా కోరిక. మా వారికి కొండలంటే సరదా లేదు, కాబట్టి ఒక్కదాన్నే వెళ్లాలనుకుంటున్నాను. మనాలి నుంచి స్పితిలోని ముఖ్య పట్టణం కాజా వెళ్లి మళ్లీ మనాలికే తిరిగి వచ్చే ఆరు రోజుల ప్యాకేజీ ఒకటి చెప్పారు. అది నా స్తోమతకు మించింది. ప్రభుత్వ బస్సుల్లో చాలా తక్కువలో తిరగవచ్చని విన్నాను. ఆగస్టు 15 సెలవుతో కలుపుకుంటే కొండల్లో గడపడానికి నికరంగా 12 రోజులు దొరుకుతాయి. రానూపోనూ రైలు ఖర్చు కాకుండా చేతిలో 25 వేలు ఉన్నాయి. ఘాట్ రోడ్డు ఎక్కితే నాకు వాంతులు అవుతాయి. హిందీ అంతంతమాత్రం. "నాలుగు డబ్బులు మిగులుతాయని ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" అంటున్నారు మా వారు. నాది నిజంగా తెలివితక్కువ ఆలోచనేనా?

సమాధానం: కాదండీ. బస్సు సంగతిలో మీరే రైటు. తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి మీరు వెళ్లాలనుకుంటున్న దిక్కు, రెండోది నెల. ఈ రెండూ మార్చుకుంటే మీ వారి భయంలో మూడొంతులు పోతుంది. మిగిలిన ఒక వంతు ఎవరికైనా ఉండేదే, ఉండనివ్వండి.

ముందు దిక్కు గురించి. పదకొండేళ్ల క్రితం నేనూ మనాలి వైపు నుంచే స్పితికి వెళ్లాను. అద్దె జీపులో, నలుగురు అపరిచితులతో, తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడేవేళకు కాజాలో దిగాను. ఆ రాత్రి తలను ఎవరో నవారుతో బిగించి కట్టినట్టు నొప్పి. పడుకుంటే ఊపిరి ఆడదు, లేస్తే కడుపులో తిప్పుతుంది. బస చేసిన ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట అడిగింది, "ఎటు నుంచి వచ్చారు?" అని. మనాలి అన్నాను. "ఊఁ" అంది. ఆ ఊఁలో నాలాంటి వాళ్లను ఎంతమందిని చూసిందో అంతా వినిపించింది. రెండు రోజులు మంచం దిగలేదు. కొండలకు వెళ్లి చూసింది గది పైకప్పు దూలాలు.

అదెందుకు జరిగిందో లెక్క చూస్తే తెలుస్తుంది. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. దారిలో దాటవలసిన కుంజుమ్ కనుమ 4,551 మీటర్లు. రాత్రి పడుకునే కాజా 3,650 మీటర్ల దగ్గర ఉంది. అంటే నిన్న రాత్రి పడుకున్న చోటి కంటే ఈ రాత్రి పడక పదహారు వందల మీటర్లు పైన. మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. కాజాలో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. శరీరం దానికి అలవాటు పడుతుంది కానీ, గడువు ఇవ్వాలి. మీకు చెప్పిన ఆరు రోజుల ప్యాకేజీలో ఆ గడువు లేదు. బండి ఎంత మంచిదైనా, డ్రైవర్ ఎంత నేర్పరైనా ఆ లోటు తీరదు. అందుకే మీ వారితో వాదించేటప్పుడు డబ్బు మాట ఎత్తకండి. బస్సు నెమ్మదిగా తీసుకెళ్తుందని, ఆ నెమ్మదే నాకు మందు అని చెప్పండి.

సిమ్లా వైపు నుంచి వెళ్లండి. సిమ్లా 2,200 మీటర్లు. అక్కడి నుంచి దారి నార్కండ మీదుగా రాంపూర్‌కు దిగి, సట్లెజ్ నదిని పట్టుకుని కిన్నౌర్ జిల్లాలోకి ప్రవేశిస్తుంది. మొదటి రోజే ఆ జిల్లా కేంద్రం రెకాంగ్ పియో (క్లుప్తంగా పియో) చేరాలని ఆరాటపడకండి. సిమ్లా నుంచి అది దాదాపు 230 కిలోమీటర్లు. మైదానంలో ఇది నాలుగైదు గంటల ప్రయాణం, అక్కడ పగలంతా పడుతుంది. వాంతులయ్యే మనిషికి మొదటి రోజే అంత శిక్ష వద్దు. జియోరిలో దిగి, 17 కిలోమీటర్లు పైకి వెళ్తే సరాహన్ వస్తుంది. అక్కడి భీమాకాళి గుడి రాతి వరుసా కొయ్య వరుసా ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. భూకంపం వస్తే కొయ్య ఊగి సర్దుకుంటుంది, రాయి బరువుతో నిలబెడుతుంది. ఆ రాత్రి అక్కడ ఉండి, రెండో రోజు పియో వెళ్లి, అక్కడి నుంచి స్థానిక బస్సులో కల్పా ఎక్కండి.

కల్పా 2,960 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు తప్పనిసరి. ఎదురుగా లోయకు అవతల కిన్నర కైలాస శిఖరాలు. మీరు చేయవలసిన పనేమీ లేదు, కుర్చీ వేసుకుని కూర్చోవడమే. సాయంత్రం ఎండ శిఖరాల మీద మాత్రమే మిగిలి, కింద ఊళ్లన్నీ నీడలోకి వెళ్లిపోతాయి. చూస్తూ ఉంటే చేతిలో టీ చల్లారిపోతుంది. ఈ ఊరి పాత పేరు చిని. స్వతంత్ర భారతదేశంలో మొట్టమొదట ఓటు వేసిన శ్యామ్ శరణ్ నేగీది ఈ ఊరే. మంచు పడితే దారులు మూసుకుపోతాయని ఇక్కడ పోలింగ్ ముందే పెట్టారు. ఆయన 1951 అక్టోబరు 25న ఓటు వేశారు, దేశంలో చాలా చోట్ల జనం 1952లో గానీ వేయలేదు. 2022 నవంబరులో చనిపోవడానికి మూడు రోజుల ముందు కూడా ఓటు వేసి వెళ్లారు.

కల్పా తర్వాత చాలామంది నాకోలో ఆగుతారు. చెరువు ఉంది, అందంగా ఉంటుంది, బస్సు కూడా భోజనానికి అక్కడే నిలుపుతుంది. మీరు మాత్రం భోజనం చేసి మళ్లీ బస్సెక్కండి. నాకో 3,600 మీటర్ల పైన ఉంది. కల్పా నుంచి ఒకే గెంతులో ఏడు వందల మీటర్లు. దాని తర్వాత వచ్చే తాబో మాత్రం 3,280 మీటర్లే. దారి పైకెక్కి మళ్లీ దిగుతుందన్నమాట. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందకు దిగి పడుకోవడం శరీరానికి ఇష్టమైన పద్ధతి. మ్యాపులో నాకో ముందుంది కాబట్టి అక్కడ ఆగాలనిపిస్తుంది, ఎత్తులు పక్కన రాసుకుంటే తాబోయే సరైనదని తెలుస్తుంది. తాబోలో రెండు రాత్రులు ఉండండి. అప్పుడు కాజా ఎక్కినా తేడా మూడు వందల డెబ్భై మీటర్లే.

ఇక నెల. ఆగస్టు వద్దు. ఇందులో బేరం లేదు. స్పితి వర్షచ్ఛాయలో ఉంది, అంటే వాన మబ్బుల్ని ముందున్న కొండలే ఆపేస్తాయి, ఆగస్టులో కూడా అక్కడ వాన తక్కువే, నిజమే. కానీ స్పితికి వెళ్లే దారి కిన్నౌర్ గుండా పోతుంది. అక్కడ వాన కురుస్తుంది, తడిసిన కొండ జారుతుంది. 2021 ఆగస్టు 11న నిగుల్సరి దగ్గర కొండచరియ విరిగి ప్రయాణికుల బస్సు మీద, మరికొన్ని వాహనాల మీద పడి 28 మంది చనిపోయారు. దానికి రెండు వారాల ముందు అదే జిల్లాలో, సాంగ్లా లోయలో బండరాళ్లు దొర్లి తొమ్మిది మంది పర్యాటకులు పోయారు. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. నెల మార్చుకుంటే ఈ ప్రమాదం చాలా వరకు తగ్గుతుందని చెబుతున్నాను. సెలవు పెట్టగలిగితే సెప్టెంబరు రెండో వారం దాటాక వెళ్లండి. వాన వెనక్కి తగ్గి ఉంటుంది, ఆకాశం కడిగినట్టు ఉంటుంది, కిన్నౌర్‌లో ఆపిల్ కోతలు సాగుతుంటాయి. కుంజుమ్ కనుమ మామూలుగా ఇంకా తెరిచే ఉంటుంది. ఆ నెలలో రోజూ ఎదురయ్యే ఇబ్బంది, ఆపిల్ పెట్టెల లారీల వెనక బస్సు పాక్కుంటూ వెళ్లడం.

బస్సు గురించి మీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. చెప్పేవాళ్లంతా కిటికీ నుంచి కనిపించే లోయ గురించే చెబుతారు. అసలు వినోదం బస్సు లోపల ఉంటుంది. అవి మామూలు సర్కారు బస్సులు. వెనక్కి వాలే సీట్లు ఉండవు, కిటికీ అద్దాలు గడగడలాడతాయి. కోడిపిల్లల అట్టపెట్టె నుంచి గ్యాస్ పొయ్యి దాకా సమస్తం ఎక్కుతుంది. బడి పిల్లలు మూడు కిలోమీటర్లు ఎక్కి దిగుతారు. ఆకుపచ్చ పట్టీ ఉన్న కిన్నౌరీ టోపీ పెట్టుకున్న పెద్దాయన మీ పక్కన కూర్చుని, మీకు అర్థమవుతోందా లేదా అని చూడకుండా తన తోట సంగతి చెప్పుకుపోతాడు. మీరు మధ్యమధ్య "అచ్ఛా" అంటే చాలు. మీ హిందీ ఆ ఒక్క మాటకు సరిపోతుంది కదా.

రాంపూర్ దాటి కిన్నౌర్‌లోకి వెళ్లాక తరండా అనే చోట రోడ్డును నిలువు కొండలోకి తొలిచారు. పైన కప్పులాగా రాయి వేలాడుతూ ఉంటుంది, పక్కన పాతాళం. అక్కడ దేవి గుడి ఉంది. బస్సులు ఆగుతాయి. డ్రైవర్ దిగి దండం పెట్టుకుని వస్తాడు, ప్రసాదం లోపలికి అందుతుంది. మొదటిసారి నేను ఆ ఆగడం చూసి భయపడ్డాను, ఇంత మొక్కుకోవలసిన రోడ్డా ఇది అని. ఇప్పుడైతే ఆ గుడి దగ్గర ఆగని బస్సెక్కితేనే భయపడతాను.

ఒంటి దారి మలుపులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు చూడండి. ఇద్దరు డ్రైవర్లూ ముందు ఒకరినొకరు చూసుకుంటారు. హారన్లు మోగవు, కేకలు ఉండవు. ఎవరి వెనక వెడల్పు చోటు దగ్గరగా ఉందో ఇద్దరికీ తెలుసు. కండక్టర్ దిగి బస్సు వెనక్కి వెళ్తాడు. నోట్లో ఈల. చిన్నగా కూతలు కూస్తున్నంతసేపూ బస్సు వెనక్కి జరుగుతూ ఉంటుంది, పొడవుగా ఒక్కటి వేస్తే ఆగుతుంది. కిటికీలోంచి కిందకు చూస్తే వెనక చక్రం పక్కన జానెడు మట్టి, ఆ తర్వాత గాలి. లారీ ఆనుకుని వెళ్తుంటే డ్రైవర్ చెయ్యి చాపి బయటి అద్దాన్ని లోపలికి మడుస్తాడు. మనింట్లో కిటికీ రెక్క మూసినంత మామూలుగా. పక్క సీటులో బామ్మ ఇంతసేపూ అల్లికలోంచి తల ఎత్తదు. ఆ బామ్మను చూస్తూ కూర్చోండి. ధైర్యం అలాంటివాళ్ల దగ్గరే అరువు తెచ్చుకోవాలి.

ఏ వైపు కూర్చోవాలని అడుగుతారు. నది ఒకసారి ఇటు, వంతెన దాటాక అటు. కాబట్టి కచ్చితమైన జవాబు లేదు. మీ విషయంలో అసలు ప్రశ్న ముందా వెనకా అన్నదే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య, వీలైనంత ముందుకు, కిటికీ పక్కన. వెనక సీట్లలో ప్రతి మలుపూ రెండింతలు ఊపుతుంది. చూపు దగ్గర వస్తువుల మీద వద్దు, ఫోను అసలే వద్దు. రోడ్డు చివరనో, ఎదుటి కొండ మీదో నిలపండి. చెవి ఊగుతున్నానని చెబుతుంటే కన్ను కదలడం లేదని చెబితేనే కడుపు తిరుగుతుంది. రెండూ ఒకే మాట చెబితే తగ్గుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కడం పెద్ద పొరపాటు, ఆలూ పరాఠా మీద వెన్న వేయించుకుని ఎక్కడం అంతకంటే పెద్దది. రెండు పొడి రొట్టెలు చాలు. వాంతుల మాత్ర మీ డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి. అది బస్సెక్కడానికి అరగంట ముందు వేసుకుంటేనే పని చేస్తుంది, కడుపులో మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. దాంతో మత్తు వస్తుంది కాబట్టి పర్సు ఒళ్లో పెట్టుకుని నిద్రపోకండి. ఇంత చేసినా వాంతి అయితే అయింది. ఆ బస్సుల్లో అది వింత కాదు. ముందే ఒక మాట చెప్పి పెడితే కండక్టరే సంచి తెచ్చి ఇస్తాడు.

పియో నుంచి కాజా వైపు వెళ్లే బస్సు పొద్దున్నే బయలుదేరుతుంది. దాదాపు 200 కిలోమీటర్లు, పది పన్నెండు గంటలు. మీరు తాబోలో దిగుతారు కాబట్టి కొంచెం తక్కువ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీరు కల్పాలో ఉంటారు, బస్సు పియోలో ఉంటుంది, కల్పా నుంచి దిగే మొదటి బస్సు దాన్ని అందుకుంటుందన్న నమ్మకం లేదు. ముందు రోజే పియో స్టాండుకు వెళ్లి వేళ కనుక్కుని, టికెట్ ముందే ఇస్తారేమో అడగండి. తెల్లవారి టాక్సీ మాట్లాడి పెట్టుకోండి. ఆ కొన్ని వందల రూపాయల దగ్గర పీనాసితనం వద్దు. ఆ బస్సు తప్పితే ఒక పగలు పోతుంది.

ఆ రోజు మీరు చూసేది రెండు దేశాలంత తేడా. పొద్దున దేవదారులు, ఆపిల్ తోటలు. పూహ్ దాటేసరికి చెట్టు కనిపించడం మానేస్తుంది. ఖాబ్ దగ్గర వంతెన. టిబెట్ నుంచి వచ్చే సట్లెజ్, స్పితి నది అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి మీరు స్పితి నదితో పాటు పైకి వెళ్తారు. బస్సు మెలికలు మెలికలుగా ఎక్కుతుంటే ఇందాక దాటిన రోడ్డు కిందెక్కడో దారప్పోగులా కనిపిస్తుంది. మీ సంచిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే అప్పుడు తీసి చూడండి. బయట గాలి పలచబడి, అది దిండులా ఉబ్బి ఉంటుంది. ఆ పలచటి గాలినే మీరూ పీలుస్తున్నారని గుర్తుపెట్టుకుని నీళ్లు తాగండి.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్లం మాట్లాడుకునే సంగతి కూడా చెబుతాను. దారిలో మరుగుదొడ్డి దొరకదని మనం నీళ్లు మానేస్తాం. పై ఎత్తుల్లో అది మంచిది కాదు, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. తాగండి. ఢాబా దగ్గర ఆగిన ప్రతిసారీ అవసరం ఉన్నా లేకున్నా వెళ్లి రండి. మధ్యలో తప్పనిసరి అయితే "భాయీ జీ, దో మినిట్" అనండి. బస్సు ఆగుతుంది. దిగేది మీరొక్కరే కారు, మీరు అడగాలని ఎదురుచూస్తున్న మరో నలుగురు ఆడవాళ్లు మీ వెనకే దిగుతారు.

తాబో గురించి నేను ఎక్కువ చెప్పను, మీరే చూడండి. 996లో కట్టిన మట్టి గోడల బౌద్ధ విహారం. బయటి నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. లోపల చీకటి, ఆ చీకటికి కళ్లు అలవాటు పడ్డాక గోడల నిండా బొమ్మలు ఒక్కొక్కటే ముందుకు వస్తాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు. చిన్న టార్చి ఉంటే పట్టుకెళ్లండి.

కాజాలో మూడు రాత్రులు. మొదటి రోజు బజారులో తిరగడం తప్ప ఏమీ పెట్టుకోకండి. కీ గోంపా (బౌద్ధ మఠం), కిబ్బర్ ఊరి వైపు బస్సు ఉంటుంది, కానీ అది ఊరివాళ్ల అవసరానికి నడుస్తుంది. సాయంత్రం వెళ్లి పొద్దున తిరిగి వస్తుంది. దాంట్లో వెళ్తే కిబ్బర్‌లో రాత్రి ఉండాలి, కిబ్బర్ 4,200 మీటర్లు. మీకు తలనొప్పి ఏమీ లేకపోతేనే ఆ ముచ్చట. లాంగ్జా, హిక్కిం, కోమిక్ ఊళ్లు మూడూ 4,400 మీటర్లు, ఆ పైన. అక్కడికి మాత్రం టాక్సీ పంచుకోవలసిందే. కాజా బజారులో పొద్దున నిలబడితే మీలాగే మరో ముగ్గురిని వెతుక్కునేవాళ్లు దొరుకుతారు. హిక్కింలో 1983 నుంచి తపాలా కార్యాలయం ఉంది, ప్రపంచంలో అంత ఎత్తున ఉన్నవి అరుదు. మీ వారికి ఒక కార్డు రాసి వేయండి. మీ తర్వాతే ఇల్లు చేరుతుందనుకోండి, అయినా వేయండి.

ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలన్నది ఇప్పుడే నేర్చుకుని వెళ్లాలి, అక్కడ ఆలోచించే ఓపిక ఉండదు. కొంచెం తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం మామూలే. అలా ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్లకండి, తగ్గేదాకా ఉన్నచోటే ఉండండి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, వదలని దగ్గు, మాట తడబాటు, గీత మీద నడవమంటే తూలడం, వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే దిగడం మొదలుపెట్టాలి. కాజాలో సర్కారు ఆసుపత్రి ఉంది, ముందు అక్కడికి వెళ్లండి. దిగమంటే తాబో, పియో వైపే దిగండి. మనాలి కిందే ఉంది కదా అని అటు బయలుదేరితే, దిగడానికి ముందు కుంజుమ్ ఎక్కాలి. అంటే ఊపిరాడని మనిషిని ఇంకో తొమ్మిది వందల మీటర్లు పైకి మోసుకెళ్లడం. ఎత్తు జబ్బుకు ముందుగా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర అందరికీ పడదు, సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి. రక్తపోటుకు ఏమైనా వాడుతుంటే అదీ చెప్పండి.

డబ్బు. మీ 25 వేలు ధారాళంగా సరిపోతాయి. సిమ్లా నుంచి మనాలి దాకా మామూలు బస్సు టికెట్లన్నీ కలిపినా రెండు వేల దరిదాపుల్లో తేలిపోతాయి. ఖర్చు పడకకూ భోజనానికీ. స్పితిలో ఇళ్లలోనే గదులిస్తారు. రాత్రి భోజనం, పొద్దున ఫలహారం కలిపి రోజుకు వెయ్యి నుంచి పదిహేను వందలు అనుకోండి. ఆ వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చుని తినే థుక్పా (నూడుల్స్ సూప్) కోసం ఆ మాత్రం ఇవ్వవచ్చు. టాక్సీలకు మూడు నాలుగు వేలు పక్కన పెట్టండి. మిగిలింది ముట్టకండి. అది దారి మూసుకుపోయినప్పుడు, ఒంట్లో బాగోక జీపు మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు వాడే డబ్బు. నోట్లు పియోలోనే తీసిపెట్టుకోండి. కాజాలో ఏటీఎం ఉంది, మీరు వెళ్లిన రోజు అందులో డబ్బు ఉండాలని రాసిపెట్టి లేదు. ఫోనుతో చెల్లింపులూ అంతే, సిగ్నల్ దయ. సగం డబ్బు పర్సులో, సగం లోపలి జేబులో.

సామాను ఒక్కటే సంచి. తలపైకి ఎత్తి పైఅరలో పెట్టగలిగినంత బరువు. ఎత్తలేకపోతే ఇంట్లోనే సగం తీసేయండి. లావాటి కోటు ఒకటి తీసుకెళ్లడం కంటే పలచటి ఉన్ని బట్టలు మూడు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు. మధ్యాహ్నం ఎండ మాడుస్తుంది, సూర్యుడు కొండ చాటుకు వెళ్లగానే వణుకు వస్తుంది. నల్ల కళ్లద్దాలు, పెదవులకు పూత, దుమ్ముకు పెద్ద చున్నీ. భారతీయులకు ఈ దారిలో అనుమతి పత్రం అక్కర్లేదు, ఆధార్ కార్డు మాత్రం చేతికి అందేచోట పెట్టుకోండి.

ఒంటరి ఆడమనిషి అన్న భయం గురించి నా మాట ఇది. ఆ దారిలో మీరు ఒంటరిగా ఉండేది తక్కువ. ఎక్కగానే కండక్టర్‌కు ఎక్కడ దిగాలో చెప్పండి, ఆ రోజంతా మీరు అతని బాధ్యత అన్నట్టే చూసుకుంటారు చాలామంది. వెలుగుండగానే గమ్యం చేరేలా బస్సు ఎంచుకోండి. రాత్రి బస్సులు వద్దు, దొంగల భయం వల్ల కాదు, కొండ రోడ్డు చీకట్లో ఎవరికీ మంచిది కాదు కాబట్టి. స్పితిలో "జూలే" అని పలకరించండి. నమస్తే, ధన్యవాదాలు, వెళ్లొస్తాను, అన్నీ అదే మాట. భాష సగం అక్కడే తీరిపోతుంది.

ఫోను సంగతి మాత్రం బయలుదేరే ముందే మీ వారితో తేల్చుకోండి. రోజూ సాయంత్రం చేస్తానని మాట ఇవ్వకండి. లోయ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. మాట ఇచ్చి చేయకపోతే ఆయన ఇంట్లో అన్నం తినరు, ఆ దిగులు మీరు దారంతా మోయాలి. ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో కాగితం మీద రాసి ఇవ్వండి. రెండు రోజులు మాట లేకపోయినా కంగారు పడవద్దని, మూడో రోజు ఫలానా ఇంటికి ఫోను చేయమని నంబరు ఇవ్వండి.

సరాహన్ ఒక రాత్రి, కల్పా రెండు, తాబో రెండు, కాజా మూడు. తొమ్మిదో రోజు మనాలి బస్సు, ఆ రాత్రి మనాలి, పదో రోజు విశ్రాంతి. అంటే మీ పన్నెండులో రెండు రోజులు మిగులుతాయి. వాటిని చూసి చేయి దురద పెడుతుంది, చంద్రతాల్ సరస్సు కూడా చూసేద్దామని. ముట్టకండి. తిరుగు రైలు చండీగఢ్ నుంచి తీసుకోండి, సిమ్లా దారి, మనాలి దారి రెండూ అక్కడికే చేరతాయి.

కాజా నుంచి మనాలి బస్సు చీకటితోనే కదులుతుంది. దానికి కారణం ఉంది. కుంజుమ్ దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు పేరుకే రోడ్డు. మంచు కరిగిన వాగులు దాని మీదుగానే పారుతాయి. పొద్దున మోకాలి లోతున్న వాగు మధ్యాహ్నం ఎండకు ఉబ్బుతుంది. ఎంత త్వరగా దాటితే అంత నయం. కుంజుమ్ మీద దేవి గుడి చుట్టూ బండ్లు ప్రదక్షిణం చేసి వెళ్తాయి. దిగాక గ్రాంఫూ దాటితే రోహ్‌తాంగ్ కనుమ ఎక్కనక్కర లేకుండా తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం ఉంది, 2020 అక్టోబరులో తెరిచారు. అందులోంచి బయటపడగానే మళ్లీ పచ్చదనం, దేవదారులు.

ఆ బస్సు టికెట్ ముందు రోజు సాయంత్రమే స్టాండులో అడగండి. సెప్టెంబరు చివర్లో ఒక్కోసారి రాత్రికి రాత్రి కుంజుమ్ మీద మంచు పడుతుంది, పొద్దున బస్సు లేదంటారు. అక్కడ గుమిగూడినవాళ్లు జీపు మాట్లాడుకుని ఎలాగో దాటేద్దాం అని మిమ్మల్నీ పిలుస్తారు. వెళ్లకండి. సంచి తీసుకుని ఎదురు వైపు నిలిచి ఉన్న పియో బస్సెక్కండి. ఆ రోజు పియో, మర్నాడు సిమ్లా. మీరు ముట్టకుండా దాచిన ఆ రెండు రోజులు అప్పటికీ చేతిలోనే ఉంటాయి.